అరోరా ఫొటో తీసే చేత్తోనే కాలిన అడవి ఫొటో కూడా

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కెనడాలోని జాస్పర్ దగ్గర తీసిన అరోరా ఫొటో చూశాం. పైన పచ్చటి వెలుగు, కింద బారులు తీరిన నల్లటి మోళ్లు. ఫొటో కింద వ్యాఖ్యలో ధ్రువకాంతులని రాశారు, కెనడా అని రాశారు. ఆ మోళ్ల సంగతి మాత్రం లేదు. చూసినవాళ్లు అవి చీకట్లో మామూలు చెట్లే అనుకుంటారు. మా ఉత్తరానికి కారణం అదే. రాత్రి ఆకాశం ఫొటోలు తీసే తెలుగువాళ్లం బెంగళూరులో చాలామందిమే ఉన్నాం. ఏటా ఇక్కడి నుంచి కాల్గరీలో, ఎడ్మంటన్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు, సెలవు పెట్టి కెమెరా సర్దుకుని వెళ్లే ఉద్యోగులు ఎందరో. వాళ్లకు పనికొచ్చే సంగతులు కొన్ని, ఒక విన్నపం ఇందులో రాస్తున్నాం.

ముందు అక్కడ ఏం జరిగిందో చెప్పాలి. 2024 జూలై 22న జాస్పర్ నేషనల్ పార్కులో మంటలు లేచాయి. ఆ రాత్రే ఊరిని, పార్కును ఖాళీ చేయించారు. ఊరివాళ్లు, పర్యాటకులు కలిపి దాదాపు 25 వేల మంది ఒక్క రాత్రిలో కదలాల్సి వచ్చింది. 24 సాయంత్రానికి మంట ఊళ్లోకి వచ్చింది. ఊళ్లోని 1,113 కట్టడాల్లో 358 కాలిపోయాయి. ఆసుపత్రి, బడులు, మురుగునీటి శుద్ధి కేంద్రం నిలిచాయి. అవి నిలబట్టే ఆగస్టు 16 నుంచి జనాన్ని తిరిగి రానివ్వగలిగారు. పార్కులో కాలిన అడవి 32 వేల హెక్టార్ల పైమాటే, అంటే దాదాపు 80 వేల ఎకరాలు. అదే పార్కు 2011 నుంచి డార్క్ స్కై ప్రిజర్వ్. 11 వేల చదరపు కిలోమీటర్ల మేర రాత్రి చీకటిని కాపాడుకుంటున్న చోటు. అరోరా కోసం ఫొటోగ్రాఫర్లు అక్కడికి చేరేది అందుకే.

మా విన్నపం ఇది. అక్కడికి వెళ్లి ట్రైపాడ్ నిలబెట్టే ప్రతి ఒక్కరూ అరోరా ఫొటోకు ముందు, అదే చోటు నుంచి, పగటి వెలుగులో నేలను ఒక ఫొటో తీయాలి. అదీ మరొకరు మరో ఏడాది సరిగ్గా అక్కడే నిలబడి మళ్లీ తీయగలిగేలా తీయాలి. అరోరా మళ్లీ వస్తుంది. కాలిన నేల మీద మొదటి ఏడాది మొలిచినదేదో మళ్లీ చూద్దామంటే కుదరదు.

జాస్పర్‌లో ఈ పనికి పెద్ద పునాదే ఉంది. 1915లో బ్రిడ్జ్‌లాండ్ అనే సర్వేయర్ పటం గీయడం కోసం ఆ కొండలెక్కి గాజు పలకల మీద ఏడు వందలకు పైగా ఫొటోలు తీశాడు. 1990ల చివర్లో పరిశోధకులు ఆ శిఖరాలే ఎక్కి, ఆ చోట్ల నుంచే మళ్లీ తీశారు. ఇప్పుడు విక్టోరియా విశ్వవిద్యాలయంలో మౌంటెన్ లెగసీ ప్రాజెక్టు పేరుతో నడుస్తున్న పని అక్కడి నుంచి పెరిగిందే. రెండు ఫొటోలనూ పక్కపక్కన పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. 1915లో లోయ నిండా పచ్చిక బయళ్లు, పలచటి అడవి, వయసులో తేడా ఉన్న చెట్ల గుంపులు. 1990ల నాటికి అదంతా ఎడం లేని పైన్ అడవి. 1907లో పార్కు ఏర్పడ్డాక లోయలో ఉంటున్న మెటీ (ఆదివాసీ, ఐరోపా మూలాలు కలిసిన జాతి) కుటుంబాలను పంపేశారు. పచ్చిక కోసం వాళ్లు పెట్టుకునే చిన్న చిన్న మంటలు ఆగిపోయాయి. ఆ తర్వాత పుట్టిన ప్రతి మంటనూ ఆర్పుతూ వచ్చారు. ఒకే వయసు పైన్ చెట్లు చిక్కగా పెరిగాయి. 2010లలో మౌంటెన్ పైన్ బీటిల్ అనే పురుగు వాటిని పెద్ద ఎత్తున చంపింది. ఎండిన చెట్లు అలాగే నిలబడి ఉన్నాయి. 2024 నాటి మంటకు ఎండలు, గాలి తోడయ్యాయి గానీ కట్టెలు సిద్ధమైంది మాత్రం వందేళ్ల క్రితం నుంచి. ఈ లెక్కలో కొంత భాగమైనా మనకు కంటికి కనబడుతున్నదంటే ఆ పాత ఫొటోల వల్లే.

ఇక తీసే పద్ధతి. చోటు ఎంపికతో మొదలుపెట్టాలి. రోడ్డు పక్కన కారు ఆపడానికి కట్టిన ఎడం, వంతెన చివర, దారి సూచిక బోర్డు, పెద్ద బండరాయి, ఇలా పదేళ్లకైనా కదలని దాని పక్కన నిలబడాలి. కాలిన చెట్టును గుర్తుగా పెట్టుకోకూడదు, అది ఎప్పుడు పడుతుందో తెలియదు. ఫోనులో జీపీఎస్ అంకెలు రాసుకోండి, కానీ వాటినే నమ్ముకోవద్దు. ఇరుకు లోయల్లో ఐదు పది మీటర్ల తేడా మామూలే. అంత తేడాతో నిలబడితే దగ్గరి వస్తువులన్నీ ఫ్రేములో జరిగిపోతాయి. కచ్చితమైన గుర్తు ఇంకొకటుంది. దగ్గరున్న బండ అంచు, దూరాన కొండ నెత్తిన ఉన్న గండి, ఈ రెండూ ఒకే గీతలో పడేలా నిలబడాలి. ఫ్రేము ఎడమ వైపు అలాంటి జత ఒకటి, కుడి వైపు ఇంకొకటి దొరికితే ఆ చోటు కట్టేసినట్టే. తర్వాత వచ్చేవారు పాత ఫొటో ప్రింటు చేత పట్టుకుని, రెండు జతలూ కలిసేదాకా ముందుకూ వెనక్కూ, పక్కలకూ జరిగితే చాలు. బ్రిడ్జ్‌లాండ్ చోట్లను వెతికి పట్టుకోవడంలోనూ కీలకం ఈ పోలికే.

ట్రైపాడ్ ఎత్తును టేపుతో కొలవండి. నేల నుంచి లెన్స్ మధ్య దాకా 150 సెంటీమీటర్లు పెట్టుకుంటే అందరికీ వీలు. జూమ్ లెన్స్ అయితే చివరి అంకె మీదే పెట్టాలి, 24 అంటే 24. మధ్యలో ఎక్కడో ఆపితే మళ్లీ అక్కడికి తెచ్చుకోవడం కష్టం. బుడగమట్టం (స్పిరిట్ లెవెల్) చూసి కెమెరాను అడ్డంగా సరిచేయాలి. ఎఫ్ 8 (లెన్స్ తెరుచుకునే కొలత), ఐఎస్‌ఓ 100 (వెలుగును పట్టే సున్నితత్వం), రా ఫైలు (కెమెరా ఏమీ దిద్దకుండా దాచేది). దిక్సూచితో కెమెరా ఏ దిక్కు చూస్తున్నదో డిగ్రీల్లో రాసుకోవాలి, అది అయస్కాంత ఉత్తరమా (సూది చూపేది) నిజ ఉత్తరమా (పటంలోది) అన్నది కూడా రాయాలి. మొదటి ఫ్రేములో బూడిదరంగు కార్డు ఒకటి పట్టుకుంటే రంగులు పోల్చడానికి ఆధారం దొరుకుతుంది. పచ్చదనం ఎంత పెరిగిందన్నదే ఇక్కడ ప్రశ్న కాబట్టి రంగు తప్పితే పనంతా వృథా. పలచటి మబ్బు కమ్మిన మధ్యాహ్నం అన్నిటికన్నా మంచి సమయం. ఎండ ఏటవాలుగా పడితే మోళ్ల నీడలు నేల మీద చారలు గీస్తాయి, మొలకలు వాటిలో కలిసిపోతాయి. పడమటి కొండ ఎరుపెక్కే వేళ ఫొటో అందంగా ఉంటుంది, దాన్ని విడిగా తీసుకోండి.

చాలామంది పొరబడేది దగ్గరి నేల విషయంలో. వైడ్ లెన్స్‌తో దృశ్యమంతా పట్టేసి సంతోషపడతారు. కోలుకోవడం మొదలయ్యేది కాళ్ల దగ్గర. లాడ్జ్‌పోల్ పైన్ కాయల్లో చాలావాటిని బంక మూసి ఉంచుతుంది. మంట వేడికి ఆ బంక కరిగి, కాయ విచ్చుకుని, గింజలు బూడిద మీద రాలతాయి. తొలి ఏడాది ఆ మొలక రెండు మూడు సెంటీమీటర్లే. ఆస్పెన్ చెట్టుది ఇంకో దారి. పైన అంతా కాలినా నేలలోని వేళ్ల నుంచి పిలకలు అదే వేసవిలో లేస్తాయి. కాలిన నేలలో లేచే ఫైర్‌వీడ్ అనే మొక్క గులాబీ రంగు పూలు వేసవిలో అందరి కంటా పడతాయి, వాటి ఫొటోలు కోకొల్లలు. మొలకల ఫొటోలు దొరకవు. అందుకని కెమెరాను కిందికి వంచి, ట్రైపాడ్ కాళ్ల ముందు ఒక చదరపు మీటరు నేలను నిలువుగా ఇంకో ఫొటో తీయండి. పక్కన స్కేలు పెట్టండి. స్కేలు పెట్టడానికి రోడ్డు అంచు దాటి కాలిన నేల మీదికి వెళ్లొద్దు.

కాలిన అడవి పదేళ్ల తర్వాత ఎలా ఉంటుందో చూడాలంటే అదే పార్కులో మెడిసిన్ లేక్ దగ్గర ఆగండి. ఆ వాలు 2015 జూలైలో కాలింది. కాలిన బెరడు రాలిపోయి మోళ్లు వెండి రంగుకు తిరిగాయి, వాటి మధ్య పిల్ల చెట్లు. జాస్పర్ ఊరి చుట్టూ నల్లగా ఉన్నది, మెడిసిన్ లేక్ దగ్గర తెల్లగా ఉన్నది రెంటినీ ఒకే రోజు, ఒకే లెన్స్‌తో తీస్తే పత్రికలో పక్కపక్కన వేయడానికి అంతకన్నా మంచి జత ఉండదు.

పగటి ఫొటో అయ్యాక ట్రైపాడ్‌ను కదపకండి. సెప్టెంబరు చివర్లో అక్కడ రాత్రి ఏడున్నర దాటాక గాని సూర్యుడు అస్తమించడు. ఆ తర్వాత ముప్పై నలభై నిమిషాలకు ఆకాశం నీలంగా ఉన్నప్పుడు ఇంకో ఫ్రేము తీయండి. ఇది అరోరా ఫొటోకు కూడా అక్కరకొస్తుంది. కాలిన చెట్టు వెలుగును తిప్పికొట్టదు, మింగేస్తుంది. ఐదు సెకన్ల అరోరా ఫ్రేములో నేలంతా ఒట్టి నల్లటి ముద్దగా వస్తుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌లో పైకి లాగితే ఊదారంగు నలుసులే మిగులుతాయి. నీలి వేళ తీసిన నేలను అరోరా ఆకాశంతో కలపవచ్చు, కలిపినట్టు రాసి తీరాలి. కలపడం ఇష్టం లేనివారు పావు వంతు చంద్రుడున్న రాత్రి ఎంచుకోవాలి. లేదంటే అరోరా తగ్గాక నేల కోసం ఎఫ్ 2.8, ఐఎస్‌ఓ 1600, 60 నుంచి 120 సెకన్లు తీయాలి. మంచు పడిన నేల అయితే ఆ బాధ సగానికి సగం తీరుతుంది. టార్చి వేసి చెట్లకు వెలుగు పూయడం మాత్రం వద్దు. చీకటిని కాపాడే చోట అది పద్ధతి కాదు, పక్కవాళ్ల ఫొటోలు పాడవుతాయి. చేతిలో ఎర్ర దీపం ఉంచుకోండి, దాన్నీ నేలకే వంచండి.

అరోరా ఎప్పుడొస్తుందనేది అందరూ అడిగేదే. జాస్పర్ 53 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. ఇంకా ఉత్తరాన ఉన్న ఎల్లోనైఫ్ ఊరిలాగ అరోరా వలయం (ధ్రువం చుట్టూ అరోరా తరచుగా వచ్చే పట్టీ) కింద లేదు. కేపీ సూచీ (భూ అయస్కాంత క్షేత్రం ఎంత కలతపడిందో 0 నుంచి 9 దాకా చెప్పే అంకె) 2, 3 ఉన్న రాత్రి అక్కడ వెలుగు ఉత్తరాన దిగంతాన్ని అంటుకుని ఉంటుంది, దాన్నీ కొండలు మూసేస్తాయి. 5 దాటితే కొండ నెత్తిన కనబడుతుంది. కానీ కేపీ మూడు గంటలకొకసారి లెక్కకట్టే అంకె, దాన్ని చూసి గది నుంచి బయల్దేరితే ఆలస్యమైపోతుంది. చూడాల్సింది బీజడ్ (Bz) అనే అంకె. సౌరగాలి, అంటే సూర్యుడి నుంచి వచ్చే కణాల ప్రవాహం, తెచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగితే బీజడ్ మైనస్‌లోకి వెళ్తుంది. మైనస్ 5 కన్నా కిందికి దిగి అరగంట నిలిస్తే బూట్లు వేసుకోవచ్చు. ఈ అంకెలు పంపే ఉపగ్రహాలు భూమికి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఎల్1 బిందువు దగ్గర ఉన్నాయి. మన ఆదిత్య ఎల్1 ఉన్నదీ అక్కడే, దాని ప్రధాన పరికరం తయారైంది మన బెంగళూరు ఖగోళ భౌతిక సంస్థలోనే. సౌరగాలి వేగం సెకనుకు 500 కిలోమీటర్లయితే మన చేతిలో 50 నిమిషాలుంటాయి, 800 అయితే అరగంటే. పైరమిడ్ లేక్ ఊరికి దగ్గర, నీటిలో ప్రతిబింబం వస్తుంది. కానీ అక్కడ వాయవ్యాన్ని 2,766 మీటర్ల పైరమిడ్ పర్వతం ఆక్రమించింది, బలమైన రాత్రికే అది సరి. బలహీనంగా ఉంటే హైవే 16 మీద హింటన్ వైపు, జాస్పర్ లేక్, టాల్బట్ లేక్ దాకా పోవాలి. అక్కడ లోయ ఉత్తరానికి తెరుచుకుంటుంది.

టికెట్లు ఇక్కడి నుంచి నెలల ముందే కొనాలి కాబట్టి రెండు లెక్కలు గుర్తుంచుకోండి. విషువత్తుల (పగలు, రాత్రి సమానమయ్యే రోజుల) చుట్టూ, అంటే సెప్టెంబరు, అక్టోబరు, మార్చిలో భూ అయస్కాంత క్షేత్రం సౌరగాలికి ఎక్కువగా లొంగుతుంది. జూన్‌లో అక్కడ పూర్తి చీకటే పడదు. ఆగస్టులో పడమటి కెనడా పొగతో నిండే అవకాశం ఎక్కువ. రెండోది, సూర్యుడు మన వైపు నుంచి చూస్తే 27 రోజులకొకసారి తిరుగుతాడు. ఒక కరోనల్ హోల్ (సూర్యుడి మీద సౌరగాలి వేగంగా బయటికొచ్చే చోటు) వల్ల ఈ నెల అరోరా వచ్చిన రోజుకు 27 కలిపితే వచ్చే నెల తేదీ దాదాపుగా తెలుస్తుంది. వారం రోజుల యాత్రను ఆ తేదీ మధ్యలో పడేలా పెట్టుకోవచ్చు. 2024 మే 10 నాటి జీ5 (అత్యంత తీవ్రమైన స్థాయి) అయస్కాంత తుఫాను లాంటివాటికి ఈ లెక్క పనిచేయదు, అవి సూర్యుడి విస్ఫోటనాల వల్ల వచ్చేవి. ఆ రాత్రి లద్దాఖ్‌లోని హాన్లేలో కూడా కెమెరాలకు ఎరుపు చిక్కింది. అంత దక్షిణానికి కనబడేది 200 కిలోమీటర్ల ఎత్తు పైన ఆక్సిజన్ ఇచ్చే ఎరుపే. పచ్చరంగు 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో పుడుతుంది, దిగంతం కింద దాగిపోతుంది. బెంగళూరు మేడల మీద పచ్చటి అరోరా అని వాట్సాప్‌లో తిరిగే బొమ్మలను దయచేసి పత్రికలో వేయకండి.

కెమెరా సంగతి. 14 నుంచి 24 మిల్లీమీటర్ల లెన్స్, ఎఫ్ 2.8 లేదా అంతకన్నా తెరుచుకునేది. బెంగళూరులో అద్దెకు దొరుకుతాయి, కొననక్కర్లేదు. లెన్స్ ముందున్న యూవీ ఫిల్టరును తీసేయాలి. అరోరా పచ్చరంగు 557.7 నానోమీటర్ల ఒకే తరంగం కావడం వల్ల ఫిల్టరు గాజు రెండు ముఖాల మధ్య వెలుగు తనలో తాను అడ్డుపడి ఫొటో నడిమధ్యన గుండ్రటి వలయాలు పడతాయి. తర్వాత సాఫ్ట్‌వేర్‌తో వాటిని పోగొట్టడం చాలా కష్టం. ఆటోఫోకస్ ఆపేసి, లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) ఒక ప్రకాశమైన నక్షత్రాన్ని పదిరెట్లు పెద్దది చేసి, అది చిన్న చుక్క అయ్యేదాకా తిప్పి, రింగును టేపుతో అంటించండి. అనంతం గుర్తు మీద పెట్టి వదిలేస్తే చాలా లెన్సుల్లో తప్పుతుంది, చలికి ఇంకా తప్పుతుంది. అర్ధరాత్రి ఒకసారి మళ్లీ చూసుకోండి. వైట్ బ్యాలెన్స్ 3,800 కెల్విన్ దగ్గర నిలపండి. కదలకుండా మసకగా ఉన్న వెలుగుకు ఐఎస్‌ఓ 3200, 10 నుంచి 15 సెకన్లు. తెరలా ఊగుతుంటే ఐఎస్‌ఓ 1600, 2 నుంచి 4 సెకన్లు. నెత్తి మీదికొచ్చి వేగంగా తిరుగుతుంటే ఒక సెకను. ఎక్కువసేపు తెరిస్తే మడతలన్నీ కలిసిపోయి పచ్చటి మబ్బులా మిగులుతుంది. కొన్ని ఫోన్లలో నక్షత్రాల మోడ్ నాలుగు నిమిషాల దాకా తెరిచి ఉంచుతుంది, అది అరోరాకు పనికిరాదు. నైట్ మోడ్‌లో మూడు సెకన్లు పెట్టి, ఫోనును ట్రైపాడ్‌కు బిగిస్తే చాలు. ఇంకో మాట. కంటికి చాలా రాత్రులు అరోరా బూడిదరంగు పొగలా ఉంటుంది. చీకట్లో మన కన్ను రంగును సరిగా పట్టదు, కెమెరా పడుతుంది. అమ్మానాన్నలను వెంట తీసుకెళ్లేవాళ్లు ఈ సంగతి ముందే చెబితే వాళ్లు నిరాశపడరు.

మైనస్ 15 చలిలో బ్యాటరీ సగం కూడా రాదు. మూడు ఉంచుకుని, రెండు చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి. విమానంలో అవి చేతి సంచిలోనే ఉండాలి. గదిలోకి వచ్చే ముందు మెమరీ కార్డు తీసుకుని, కెమెరాను బయటే జిప్ కవరులో మూసేసి, లోపల రెండు గంటలు అలాగే వదిలేయండి. తొందరపడి తెరిస్తే వెచ్చటి గాలిలోని తేమ లెన్స్ లోపలి అద్దాల మీద నీరవుతుంది.

కాలిన అడవిలో రాత్రి పని మామూలు అడవిలో లాంటిది కాదు. ఈ మాట గట్టిగా చెప్పదలచుకున్నాం. ఆకులు పోవడంతో ఇంతకుముందు ఆకాశం కనబడని చోట్ల ఇప్పుడు కనబడుతుంది, మోళ్ల మధ్యకు వెళ్దామని మనసు లాగుతుంది. వేళ్లు కాలిన చెట్టు గాలి లేకపోయినా పడుతుంది. పడేముందు చప్పుడు కూడా అన్నిసార్లూ రాదు. అక్కడి పైన్లు 20, 25 మీటర్లుంటాయి. ఎత్తుకు రెట్టింపు దూరం, అంటే కనీసం 50 మీటర్ల ఎడం ఉంచండి. గాలి లేస్తే వెనక్కి వచ్చేయండి. నేల కింద వేళ్లు కాలిపోయిన చోట పైకి బూడిద పరుచుకుని, లోపల బొరియ ఉంటుంది. మనిషి కాలు మోకాలి దాకా దిగబడుతుంది. మంట వేడికి ఆకుల్లోని మైనపు పదార్థాలు ఆవిరై, నేలలో కొద్ది లోతున పేరుకుని నీటిని ఇంకనివ్వవు. చిన్న వానకే వాలు మీది బురద, రాళ్లు రోడ్డు మీదికి వస్తాయి. వాన సూచన ఉన్న రాత్రి వాలు కింద కారు ఆపకూడదు. బూడిద కెమెరాకూ శత్రువే. అక్కడ లెన్స్ మార్చకండి, అద్దాన్ని గుడ్డతో రుద్దకండి, బ్లోయరుతో ఊదండి. ట్రైపాడ్ కాళ్ల కీళ్లను గదికి వచ్చాక విప్పి తుడవండి. జాతీయ పార్కులను చూసే ప్రభుత్వ సంస్థ పార్క్స్ కెనడా మూసిన దారులు మూసినవే. తాడు దాటితే మనకు ప్రమాదం, మొలకలకు చావు. అనుమతి లేని డ్రోను నిషేధం, జరిమానా 25 వేల డాలర్ల దాకా ఉంటుంది. సెప్టెంబరులో ఎల్క్ (పెద్ద జాతి జింక) మగవి మనుషుల మీదికొస్తాయి, 30 మీటర్లు దూరం. ఎలుగులకు 100 మీటర్లు. ఎలుగును తరిమే బేర్ స్ప్రే విమానంలో రానివ్వరు, అక్కడే కొనుక్కోవాలి.

ఊరు కాలింది కదా, వెళ్లడం బాగుంటుందా అని అడుగుతున్నవారున్నారు. వెళ్లాలని మా అభిప్రాయం. ఆ ఊరు పర్యాటకుల మీదే బతుకుతుంది. ఇల్లు పోయినవారికి పనీ పోతే తిరిగి కట్టుకునే దారి మూసుకుపోతుంది. ఎడ్మంటన్ నుంచి 365 కిలోమీటర్లు. తెల్లారేదాకా ఫొటోలు తీసి, వచ్చినదారినే కారులో తిరిగిపోయేవారి వల్ల ఊరికి రూపాయి రాదు, నిద్ర లేకుండా నడపడం ప్రమాదం కూడా. రెండు రాత్రులైనా ఊళ్లో గది తీసుకోండి, అక్కడి హోటల్లో తినండి, గైడుకు డబ్బిచ్చి వెంట తీసుకెళ్లండి. ఏ వాలు ఎలా ఉందో గైడుకు తెలిసినంత మనకు తెలియదు. గదులు తగ్గాయి కాబట్టి ముందే బుక్ చేయాలి. రద్దు చేసేట్టయితే వెంటనే చెప్పాలి. ఊళ్లో కాలిపోయిన ఇళ్ల స్థలాలను, తాత్కాలిక ఇళ్లలో ఉంటున్నవారిని ఫొటోలు తీయకండి. వాళ్ల ఇంటి పునాది మన ఫొటోకు ముందుభాగం కాకూడదు. అక్కడి భూమి కేంద్ర ప్రభుత్వానిది, ఇళ్లు లీజు మీద. శిథిలాలు తీయడం, మట్టి పరీక్ష, అనుమతులు, అన్నీ అయ్యాకే గోడ లేస్తుంది. ఇంకా కట్టలేదేం అని ఎవరినీ అడగకండి.

ఇదే పని మన దగ్గర కూడా చేయాలి. 2019 ఫిబ్రవరిలో బండీపూర్‌లో వేల ఎకరాలు కాలాయి. 2014 మార్చిలో శేషాచలం అడవి కాలినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఆ రెండు చోట్లా మంటల ఫొటోలు వేలకు వేలున్నాయి. ఆ తర్వాత ఏడాదికొకసారి ఒకే చోటి నుంచి తీసిన వరుస మాత్రం మా కంటబడలేదు. బండీపూర్ రోడ్డు మీద కారు ఆపకూడదు, రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మామూలు వాహనాలను రానివ్వరు. అందుకని అక్కడ అటవీ శాఖ సఫారీ దారిలోనే, వాళ్ల అనుమతితోనే తీయాలి. తిరుమల నడకదారిలో ఆ ఇబ్బంది లేదు. మెట్ల దారిలో కదలని స్తంభాలు, మండపాలు బోలెడున్నాయి, పగలంతా జనం నడుస్తూనే ఉంటారు. మార్చిలో ఒకటి, వానలయ్యాక నవంబరులో ఒకటి తీస్తే లాంటానా అనే పరాయి పొద ఎక్కడ కమ్ముతున్నదో, చెట్టు ఎక్కడ లేస్తున్నదో తెలిసిపోతుంది.

తీసినవాటిని దాచే పద్ధతి చెప్పి ముగిస్తాం. కత్తిరించని అసలు రా ఫైలును అలాగే ఉంచండి, రంగులు దిద్దినది వేరే పేరుతో పెట్టుకోండి. ఫైలు పేరులో చోటు, తేదీ, దిక్కు ఉండాలి. పక్కన మామూలు టెక్స్ట్ ఫైలులో లెన్స్, ఎత్తు, జీపీఎస్, రెండు జతల గుర్తులు రాసి, రెండు వేర్వేరు డిస్కుల్లో వేయండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే కొలతలు, జీపీఎస్ రెండూ పోతాయి, ఈమెయిల్లో గానీ డ్రైవ్‌లో గానీ పంపాలి. జాస్పర్ ఉన్న ఆల్బర్టా రాష్ట్రంలోని మన పిల్లలకు ఆ ఫోల్డరు అప్పగిస్తే వచ్చే ఏడాది ఫొటో వాళ్లు తీస్తారు. ప్రింటు ఏ4 సైజులో తీసి, పారదర్శకమైన కవరులో పెట్టి, కారులో ఉంచమని చెప్పండి.

ఇట్లు,
రాత్రి ఆకాశం ఫొటోలు తీసే కొందరు తెలుగు పాఠకులు,
బెంగళూరు